గాలివాన వేళ ఎవరికి చెప్పాలి, ఎప్పుడు కదలాలి: శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, తీర గ్రామాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

సెప్టెంబరు చివర్లో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినబడితే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. నేను పనిచేసే బడి తుపాను వచ్చినప్పుడు చుట్టుపక్కల వీధులకి తలదాచుకునే చోటు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్. నాలుగుసార్లూ ఆ బడి తాళంచెవి నా దగ్గరే ఉంది. అడిగే మనుషులు మారారు గానీ ప్రశ్నలు మారలేదు. ఎక్కువమందికి బియ్యం గురించో కిరోసిన్ గురించో అనుమానం ఉండదు, అవి మన ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అనుమానాలన్నీ ఎవరి మాట నమ్మాలి, ఎవరికి కబురు పెట్టాలి, ఎప్పుడు కదలాలి అన్న వాటి మీదే. అందుకే రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగానే ఉంటుంది.

## ఎండ కాస్తున్నప్పుడే

ఇంకా గాలే లేదు. ఇప్పట్నుంచే ఏటి మాట్లాడుకోవాలి?

మూడు సంగతులు. ఇంట్లో చివరి మాట ఎవరిది, ఇల్లు వదిలితే ఎక్కడికి వెళ్తాం, ఊళ్ళో లేనివాళ్ళకి కబురు ఎవరి ద్వారా వెళ్తుంది. ఒక రాత్రి అన్నాల దగ్గర కూర్చుని అరగంటలో తేల్చుకోవచ్చు. గాలి మొదలయ్యాక ఈ మాటలు కుదరవు. తిత్లీ రాత్రి మా బడి గదిలో అరవై మందిమి ఉన్నాం. పక్క వసారా రేకులు కొట్టుకునే చప్పుడుకి చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినబడలేదు. చివరికి నేను బ్లాక్‌బోర్డు మీద చాక్‌పీసుతో 'కిటికీల దగ్గర్నుంచి లేవండి' అని రాసి, దాని మీద టార్చి వేసి చూపించాను. చదవడం రానివాళ్ళకి పిల్లలు సైగ చేసి చెప్పారు. అలాంటి గంటలో 'మనం ఎవరి మాట విందాం' అని మొదలుపెడితే ఏ మాటా తేలదు.

మగవాళ్ళంతా వలస వెళ్ళారు. ఇంటి దగ్గర అత్తా నేనూ. నిర్ణయం ఎవరు తీసుకోవాలి?

ఇంట్లో ఉన్నవాళ్ళే తీసుకోవాలి. మన దగ్గర చాలా ఇళ్ళలో మగవాళ్ళు చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో, గుజరాత్‌లోని వెరావల్‌లో బోట్ల మీదో ఉంటారు. అక్కడ టీవీలో చూసి 'ఏం కాదు, ఉండండి' అనో, 'ఇప్పుడే వెళ్ళిపోండి' అనో చెప్తారు. వాళ్ళ భయం నిజమే, ప్రేమా నిజమే. కానీ మీ వీధి చివర కాలువ ఎంత పొంగిందో వాళ్ళకి కనబడదు. అందుకని సీజను మొదట్లోనే ఫోన్లో ఆ మాట అనిపించుకోండి: 'గాలి వస్తే నీ ఇష్టం, నన్ను అడగక్కర్లేదు.' ఈ ఒక్క మాట ముందే అనిపించుకున్న ఇళ్ళలో ఆడవాళ్ళు చీకటి పడకముందే బడికి చేరుకుంటారు. ఆ మాట లేని ఇళ్ళలో ఫోన్ కలిసేదాకా గడప దగ్గర నిలబడి ఎదురుచూస్తారు. మొదటి మనిషి ఇంట్లో లేకపోతే రెండో మనిషి ఎవరో కూడా అనుకోండి.

పిల్లలూ, అన్నదమ్ములూ, అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తారు. బ్యాటరీ అయిపోతుంది. ఎలా?

ఊరికి దూరంగా ఉన్న ఒక్క మనిషిని కబురు మనిషిగా పెట్టుకోండి. ఆ మనిషి తీరానికి దగ్గర్లో ఉండకూడదు. పలాసలో మీ టవరు పడితే సోంపేటలో మీ చెల్లెలి టవరూ పడే ఉంటుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవాళ్ళయితే మేలు. మీరు ఆ ఒక్కరికే చెప్తారు, మిగతా బంధువులంతా ఆ ఒక్కరినే అడుగుతారు. ఆ మనిషి దగ్గర ఒక నోటుపుస్తకం ఉండాలి: ఎవరు, ఎన్ని గంటలకి, ఎక్కడి నుంచి, ఏం చెప్పారు. తిత్లీ తర్వాత ఒక కార్యాలయం నుంచి నాకు గంటకోసారి ఫోన్ చేసి, చెప్పిన లెక్కే మళ్ళీ అడిగారు. మధ్యాహ్నానికి నా ఫోన్ ఆరిపోయింది. సాయంత్రం ఒక బాలింతకి జ్వరం వస్తే ఫోన్ కోసం ముగ్గురి ఇళ్ళకి తిరగాల్సి వచ్చింది. అవతలివాళ్ళు ఎవరైనా సరే, చెప్పింది రాసుకోమని అడగండి, మొహమాటం వద్దు.

నంబర్లన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా, కాగితం ఎందుకు?

ఛార్జింగ్ పోయాక ఫోన్లో ఉన్న నంబరు ఎందుకూ పనికిరాదు. పక్కింటి వాళ్ళ ఫోన్ చేతిలో పెట్టినా, సొంత కొడుకు నంబరు గుర్తులేనివాళ్ళే మనలో ఎక్కువ. కబురు మనిషి నంబరు, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త, వీఆర్వో, సర్పంచ్ నంబర్లు కాగితం మీద రాసి బీరువా తలుపుకి లోపలి వైపు అంటించండి. వాటి కింద ఇవి కూడా: అన్ని అత్యవసరాలకీ 112, అంబులెన్సు 108, అగ్నిమాపక కేంద్రం 101, జిల్లా కంట్రోల్ రూము 1077, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ 1070, 18004250101, కరెంటు 1912, సముద్రంలో ప్రమాదమైతే తీర రక్షక దళం 1554. ఇదే చీటీ ఇంకోటి ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం ఉన్న ప్లాస్టిక్ కవర్లో వెయ్యండి. ఒక బటన్ ఫోన్ ఇంట్లో ఉంటే పారెయ్యకండి, ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజుల తరబడి నిలుస్తుంది.

మా ఇంట్లో డయాలసిస్ పేషెంటు ఉన్నారు. తుపాను మాట వింటేనే భయం. ఏం చెయ్యాలి?

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఇది ప్రతి ఊరి ప్రశ్న. కొంచెం వివరంగా చెప్తాను.

డయాలసిస్ యంత్రానికి కరెంటుతో పాటు శుద్ధి చేసిన నీళ్ళు కావాలి. నాలుగు గంటల విడతకి దాదాపు 120 లీటర్లు పడుతుంది. కరెంటు పోయి, రోడ్డు మీద చెట్లు పడితే ఆ కేంద్రం మూతపడొచ్చు. తెరిచి ఉన్నా మీరు చేరలేకపోవచ్చు. వారానికి రెండు మూడుసార్లు చేయించుకునే మనిషికి ఒక విడత తప్పినా ప్రమాదం దగ్గరికి వచ్చినట్టే. కాబట్టి నిర్ణయం గాలి వచ్చే రోజున తీసుకునేది కాదు. హెచ్చరిక రాగానే, ఇంకా రెండు మూడు రోజులు ఉండగానే, మీ కేంద్రానికి ఫోన్ చేసి 'మా విడత ముందుకి జరపండి' అని అడగాలి. సిగ్గుపడాల్సిన పని లేదు. అక్కడి సిబ్బంది కూడా అదే కోరుకుంటారు, అందరూ ఒక్కరోజే వస్తే వాళ్ళు సర్దలేరు.

రెండోది, ఎక్కడ ఉండాలి. తీరం పక్క ఊళ్ళో ఉన్న పేషెంటు బడిలోనో షెల్టరులోనో కాకుండా, డయాలసిస్ ఉన్న ఊళ్ళో చుట్టాలింట ఉండటం మేలు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, దాంతోపాటు 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. అక్కడికి నడిచి వెళ్ళగలిగే దూరంలో మీకు చుట్టాలుంటే ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

మూడోది, తిండి. విడత ఆలస్యమయ్యే రోజుల్లో ఏం తినాలి, నీళ్ళు ఎంత తాగాలి అన్నది మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. మన దగ్గర ఒక ప్రత్యేకమైన గండం ఉంది. తుపాను మర్నాడు ఎక్కడ చూసినా కొబ్బరికాయలే రాలి ఉంటాయి. బోర్లు పనిచెయ్యవు, తాగునీరు ఉండదు. అందరూ కాయలు కొట్టుకుని తాగుతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి అది అమృతమే. కిడ్నీలు పాడైనవాళ్ళకి అందులోని పొటాషియం గుండెని ఆపేంత ప్రమాదం. ప్రేమతో గ్లాసు చేతికిచ్చే మనవడికి కూడా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. పేషెంటు ఫైలు, మందులు ఒకే సంచిలో, తలగడ పక్కనే ఉండాలి.

## హెచ్చరిక వచ్చాక

పసుపు, నారింజ, ఎరుపు అంటారు. ఏ రంగుకి కదలాలి?

వాతావరణ శాఖ లెక్కలో పసుపు అంటే కనిపెట్టి చూడండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే ఇక చర్య తీసుకోండి. ఇంటికి అన్వయించుకుంటే ఇలా ఉంటుంది. పసుపుకి ఫోన్లు, టార్చీలు ఛార్జింగ్ పెట్టండి, కబురు మనిషికి ఒక మాట చెప్పండి. నారింజకి నెలలు నిండిన గర్భిణులు, మంచం మీద ఉన్న ముసలివాళ్ళు, డయాలసిస్ వాళ్ళు కదలాలి. మిగతావాళ్ళు సంచి సర్దుకోవాలి. ఎరుపుకి రేకుల ఇల్లు, పూరిల్లు, సముద్రం పక్క ఇల్లు ఖాళీ అవ్వాలి. నిలవలేనివాళ్ళని ఒక రంగు ముందే కదిలించడం నా సొంత పద్ధతి. గాలిలో మంచం మొయ్యడం ఎంత కష్టమో ఒకసారి మోసినవాళ్ళకి తెలుసు.

కళింగపట్నంలో మూడో నంబరు ఎగరేశారట, పదో నంబరు ఎగరేశారట. మాకేటి అర్థం?

అవి ఓడరేవులో ఓడలకీ, పడవలకీ ఇచ్చే గుర్తులు. 1, 2 దూరాన ఎక్కడో తుపాను ఉందని. 3, 4 రేవుకి గాలుల ముప్పు ఉందని. 5 నుంచి 7 వరకు ప్రమాదం, 8 నుంచి 10 వరకు పెనుప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో రేవుకి సంబంధాలు తెగిపోయాయని. మత్స్యకారులు 1 నుంచే పట్టించుకోవాలి. పొలం పనివాళ్ళు నంబరు కన్నా తమ మండలానికి ఇచ్చిన హెచ్చరికనే చూసుకోవాలి. 3 చూసి 'ఇంకా పది రాలేదు కదా' అని వేటకి వెళ్ళడం మాత్రం ఎన్నడూ వద్దు. ఆ అంకెలు వరసగా ఒక్కొక్క మెట్టూ ఎక్కాలన్న నియమం ఏమీ లేదు.

సరే, వెళ్తాం. ఎన్ని గంటలకల్లా బయల్దేరాలి?

తీరం దాటే సమయం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు 165 దాకా. నాలుగున్నరకి దాటుతుందంటే నాలుగింటి దాకా టైముందని చాలామంది అనుకున్నారు. గాలి గంటకి 60 దాటితేనే మనిషి నిలబడి నడవడం కష్టం. ఆ గాలి అర్ధరాత్రికే వచ్చేస్తుంది. చీకట్లో తీగలు, కొమ్మలు కనబడవు. అంటే చీకటి పడకముందే చేరాలి. అక్టోబరులో మనకి ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది. ముసలివాళ్ళతో నడక గంట అనుకుంటే 10వ తేదీ నాలుగున్నరకి ఇంటి తాళం వెయ్యాలి. తెల్లవారుజామున వచ్చే తుపానుకి నిర్ణయం ముందురోజు మధ్యాహ్నమే జరిగిపోవాలి.

గులాబ్ సంగతి వేరు. 2021 సెప్టెంబరు 26న రాత్రి ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్య కళింగపట్నానికి ఉత్తరాన దాటింది. దానికి అదే రోజు మధ్యాహ్నం భోజనాలు కాగానే కదలాల్సింది. ప్రతిసారీ ఈ లెక్క కొత్తగా వేసుకోండి, ఆ టైము గోడ మీద బొగ్గుతో పెద్దగా రాయండి. గోడ మీద రాసిన టైము కనబడుతుంటే ఇంకా ఉందామా వద్దా అన్న వాదన అక్కడితో ఆగుతుంది.

పోయినసారీ వెళ్ళమన్నారు, ఏమీ రాలేదు. ఈసారి ఎందుకెళ్ళాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ మీద నాకు కోపం లేదు. 2021 డిసెంబరులో జవాద్ వస్తోందని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లో వేలమందిని తరలించారు. అది సముద్రంలోనే బలహీనపడింది. 2019 మేలో ఫణి మన పక్కనుంచి వెళ్ళి పూరీ దగ్గర తీరం దాటింది. తుపాను దారి అంటే మ్యాపు మీద గీసిన ఒక గీత కాదు. ముందుకి పోయేకొద్దీ వెడల్పయ్యే ఒక గరాటు, అందులో ఎటైనా తిరగొచ్చు. ఆ గరాటులో మన ఊరు ఉన్నంతసేపూ వెళ్ళాల్సిందే. వెళ్ళినా ఏమీ రాకపోతే ఒక రాత్రి నిద్ర, ఒక రోజు కూలి పోతాయి. కూలి పోవడం పేదింటికి చిన్న నష్టం కాదు, నాకు తెలుసు. ఉండిపోతే పోయేది ఏదో 1977 ఉప్పెనలో దివిసీమ చూసింది. అందుకని మా వీధిలో ఒక నియమం పెట్టుకున్నాం: ఇంట్లో ఒక్కరు వెళ్దామన్నా అందరూ వెళ్ళడమే, ఆ ఒక్కరు చిన్నపిల్లయినా సరే. తిరిగొచ్చాక ఆ ఒక్కరిని ఎవరూ దెప్పకూడదు.

మా మావగారు రానంటే రానంటున్నారు. 'నేను ఇలాంటి గాలులు ఎన్ని సూడలేదు' అంటున్నారు.

వాదించకండి. ఆయన చూసిన గాలులు నిజమే. వాదనకి దిగితే ఆయన తన పరువు కాపాడుకోవాలి, అప్పుడింక కదలరు. పని అప్పగించండి. 'మావా, బళ్ళో ఆడపిల్లలూ పిల్లలే ఉన్నారు, పెద్ద దిక్కు లేదు, తలుపు దగ్గర మీరు కూర్చోవాలి' అని అడగండి. 2014లో ఒక ముసలాయన అధికారులు చెప్పినా, కొడుకు చెప్పినా వినలేదు. తోటి ఈడువాడు, రోజూ రావిచెట్టు కింద కూర్చునే నేస్తం వచ్చి 'ఒరే, నువ్వు లేకపోతే నాకక్కడ తోచదురా' అంటే చుట్ట, కండువా తీసుకుని లేచారు. చాలామంది పెద్దవాళ్ళ మనసు ఇంటి మీదా, పశువుల మీదా ఉంటుంది. ముందు ఆవుని ఎత్తు మీదకి తోలితే మనిషి దాని వెనకే వస్తాడు. ఏ ఉపాయమూ పారకపోతే వీఆర్వోకి ఆ మనిషి పేరు, ఇంటి గుర్తు చెప్పండి. ఆ కబురు దాచకూడదు.

ఇల్లు వదిలేసి ఎళ్ళిపోమంటన్నారు. మేకలెవరు సూస్తారు?

మేకల్ని మీతోనే తోలుకుని రండి, బడి వరండాలో చోటు ఉంటుందో లేదో పొద్దున్నే అడగండి. ఆవుల్నీ గేదెల్నీ ఎత్తైన చోటికి తోలండి. అది కుదరకపోతే సాలలో పలుపులు విప్పేసి వెళ్ళండి. కట్టేసిన పశువు కూలిన పాక కిందే చచ్చిపోతుంది. విప్పిన పశువు దాని దారి అది వెతుక్కుంటుంది. కొమ్ముల మీద రంగుతో ఇంటి గుర్తు వేస్తే మర్నాడు తగాదా ఉండదు.

వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజి తిరుగుతోంది. నమ్మాలా?

వాయిస్ మెసేజిలో మాట ఉంటుంది గానీ తేదీ ఉండదు. తిత్లీ అప్పుడు రికార్డు చేసినది గులాబ్ అప్పుడు తిరగొచ్చు. మూడు చూడండి: ఏ తేదీ, ఏ గంట బులెటిన్, ఎవరు ఇచ్చింది. తుపాను సముద్రంలో ఉండగా వాతావరణ శాఖ మూడు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది, తీరం దగ్గరయ్యాక గంటకోసారి సమాచారం ఇస్తుంది. కాబట్టి పొద్దున చూసింది సాయంత్రానికి పాతబడినట్టే. విశాఖపట్నం తుపాను హెచ్చరిక కేంద్రం మాట, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మెసేజి, ఆకాశవాణి వార్త, వీటిలో దేనితోనైనా పోల్చి చూశాకే ముందుకు పంపండి. మీరు పంపేదాంట్లో కూడా మొదటి మాట తేదీ, గంట అయ్యుండాలి: '10 అక్టోబరు, మధ్యాహ్నం 2:15.' తప్పుగా పంపామని తెలిస్తే అదే గ్రూపులో 'ఇది తప్పు' అని మళ్ళీ రాయండి. ఊరికే డిలీట్ చేస్తే చూసినవాళ్ళ మనసులో అది అలాగే ఉండిపోతుంది.

## గాలి కొడుతున్నప్పుడు

ఫోన్ కలవడం లేదు. పదిసార్లు చేశాను.

చెయ్యడం ఆపి ఎస్సెమ్మెస్ పంపండి. మాట కలవనంత పల్చటి సిగ్నల్లో కూడా చిన్న మెసేజి ఒక్కోసారి వెళ్ళిపోతుంది. పంపాక ఫోన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ముందే అనుకున్న గంటలకి మాత్రం తెరవండి. మా ఇంట్లో ఆ గంటలు ఏడు, ఒంటిగంట, మళ్ళీ ఏడు. హైదరాబాద్‌లో మా అమ్మాయికీ అవే గంటలు తెలుసు కాబట్టి మధ్యలో కలవకపోతే కంగారు పడదు. సెట్టింగుల్లో వేరే కంపెనీ నెట్‌వర్క్ పేరు కనబడితే ఎంచుకుని చూడండి, తుపాను వేళ ఒక కంపెనీ సిమ్‌కి ఇంకో కంపెనీ టవరు వాడుకునే వీలు కల్పిస్తుంటారు. మీ సిమ్‌కి సిగ్నల్ లేకున్నా దగ్గర్లో ఏ కంపెనీ టవరు పనిచేస్తున్నా 112 కలిసే అవకాశం ఉంది.

112 కలిసింది. ఏం చెప్పాలో నోరు రాలేదు.

అందరికీ అలాగే అవుతుంది. అందుకే వరస గుర్తుపెట్టుకోండి: ముందు చోటు, తర్వాత ఏం జరిగింది, ఎంతమంది, చివర మీ పేరు. లైను మధ్యలో తెగినా చోటు చెప్పేసి ఉంటే మనుషులు బయల్దేరగలరు. చోటు చెప్పేటప్పుడు మండలం, ఊరు, ఆ తర్వాత బయటివాళ్ళకి తెలిసే గుర్తు. 'మా ఆవిడ పుట్టింటి వీధి' అంటే కంట్రోల్ రూములో ఎవరికీ తెలీదు. 'వజ్రపుకొత్తూరు మండలం, ఫలానా ఊరు, రామాలయం వెనక వీధి, నీళ్ళ ట్యాంకు పక్కన. గోడ కూలింది. ఇద్దరికి దెబ్బలు, ఒకరికి స్పృహ లేదు.' ఇలా పది సెకన్లలో అయిపోతుంది. అవతలి మనిషి పెట్టెయ్యమనేదాకా పెట్టెయ్యకండి.

గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. పడవ ఎలా ఉందో చూసి వచ్చెయ్యనా?

వద్దు. అది తుపాను కన్ను కావచ్చు. చుక్కలు కూడా కనబడేంత నిశ్శబ్దం వస్తుంది, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. మొదటి గాలికి ఒక పక్కకి వంగిన చెట్లూ గోడలూ రెండో గాలికి పడతాయి. తిత్లీ వచ్చిన తెల్లవారుజామున గాలి ఆగగానే ఇద్దరు కుర్రాళ్ళు తలుపు గడియ తీశారు. వాళ్ళ మేనత్త తలుపుకి అడ్డంగా కూర్చుంది, మాట్లాడలేదు, కదల్లేదు. మళ్ళీ గాలి లేచినప్పుడు వాళ్ళే వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. తుపాను దాటిపోయిందని రేడియోలోనో, అధికారుల నుంచో వినేదాకా తలుపు తెరవకండి.

షెల్టరులో నూరుమంది నూరు మాటలు అంటారు. ఎవరి మాట వినాలి?

లోపలికి రాగానే నలుగురి పేర్లు గట్టిగా చెప్పి, బోర్డు మీద రాయండి. ఒకరు మొత్తానికి, ఒకరు రోగులకి, ఒకరు నీళ్ళకీ తిండికీ, ఒకరు రాసుకోవడానికి. మొత్తం చూసుకునే మనిషి గొంతు పెద్దదై ఉండక్కర్లేదు, కంగారు లేనిదై ఉండాలి. డ్వాక్రా సంఘం నడిపే ఆడవాళ్ళు ఈ పనికి బాగా పనికొస్తారని నా అనుభవం. వాళ్ళకి ఎవరింట్లో ఎంతమందో నోటికి తెలుసు. పిల్లలకి కూడా నిజమే చెప్పండి: 'ఇంకా రెండు గంటలు చప్పుడు ఉంటుంది, ఈ గోడ గట్టిది, మనం ఇక్కడే ఉంటాం.' ఏమీ కాదు అని అబద్ధం చెప్పి కిటికీ పగిలితే ఆ పిల్ల మళ్ళీ మన మాట నమ్మదు.

## తెల్లారాక

గాలి పోయింది కదా, ఇంటికి ఎళ్ళిపోదుమా?

రెండు ప్రశ్నలకి జవాబు దొరికాక వెళ్ళండి. ఒకటి, దారిలో కరెంటు తీగలు. తెగి పడిన తీగ చచ్చిందో బతికుందో చూపుకి తెలీదు. పక్కింట్లో జనరేటరు ఆన్ చేసినా వెనక్కి కరెంటు రావొచ్చు. 1912కి చెప్పి, చుట్టూ కొమ్మలు అడ్డం పెట్టి, పిల్లల్ని దూరంగా ఉంచండి. రెండోది, నది. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి మన దగ్గరికి వస్తాయి. తిత్లీ మనల్ని దాటి ఒడిశా గజపతి జిల్లా మీద కుండపోతగా కురిసింది. ఇక్కడ ఎండ వచ్చాక, మర్నాడు వంశధార పొంగింది. తీరం ఊళ్ళు గాలికి పడితే, హిరమండలం కింద ఊళ్ళకి ఆ తర్వాత నీళ్ళు వచ్చాయి. వంశధార ఒడ్డు ఊరైతే గొట్టా బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంత, హెచ్చరిక ఉందా అని వీఆర్వోని అడిగాకే కదలండి. నాగావళి వైపు వాళ్ళు తోటపల్లి, మడ్డువలస దగ్గర ఎంత వదులుతున్నారో అడగాలి.

అంబులెన్సు రాలేనంటోంది. రోడ్డు మీద చెట్లు.

108 వాళ్ళని 'ఎక్కడిదాకా రాగలరు' అని అడగండి. అక్కడికి మనిషిని మంచం మీద మోసుకెళ్ళండి. ముందు ఒకరిని సైకిలు మీద పంపితే ఏ దారి ఖాళీగా ఉందో తెలుస్తుంది, ఆ దారి పేరు డ్రైవరుకి చెప్పండి. రంపం, గొడ్డలి ఎవరిళ్ళలో ఉన్నాయో సీజను ముందే రాసి పెట్టుకున్న ఊళ్ళు దారి త్వరగా తెరుచుకుంటాయి.

మా తమ్ముడు ఆ రోజు రైల్లో ఉన్నాడు. జాడ లేదు.

రైలు నంబరు, బోగీ, ఎక్కిన స్టేషను, వేసుకున్న బట్టలు ఒక కాగితం మీద రాసుకుని, ఇంటి తరఫున ఒక్కరే 139కి చెయ్యండి. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్ రైళ్ళు ఢీకొన్నాయి. అలాంటి రాత్రి ఇంట్లో అందరూ తలో దిక్కూ పరుగెడితే, క్షేమంగా ఉన్న మనిషి ఇంటికి ఫోన్ చేసినా ఎత్తేవాళ్ళుండరు. ఒకరు ఇంట్లో ఫోన్ దగ్గరే ఉండాలి.

సాయం పంచేటప్పుడు ప్రతిసారీ గొడవే. ఎలా ఆపాలి?

జాబితా అందరి ముందూ రాయండి, అందరికీ కనబడే గోడ మీద పెట్టండి. ఎవరికి ముందు అన్నది కూడా పేర్లు రాయకముందే తేల్చండి: బాలింతలు, రోగులు, ఇల్లు పూర్తిగా పోయినవాళ్ళు, ఆ తర్వాత వీధి వరస. పేర్లు వచ్చాక నియమం పెడితే అది ఎవరికోసమో పెట్టినట్టే ఉంటుంది. ఇంకా ఏం రావాలో, ఎప్పుడొస్తుందో తెలియకపోతే తెలియదనే చెప్పండి. ఆకలి మీద ఉన్నవాళ్ళు తెలియదన్నా ఓర్చుకుంటారు. 'ఇదిగో వచ్చేస్తోంది' అని మూడుసార్లు అంటే మాత్రం ఓర్చుకోరు.

కొబ్బరి, జీడి చెట్లు పడిపోయాయి. నరికెయ్యాలా, లెక్క రాసేవాళ్ళు వచ్చేదాకా ఉంచాలా?

దారికి అడ్డం పడినవి వెంటనే నరకండి, మనిషి ప్రాణం దారి మీద ఉంటుంది. నరికే ముందు ఫోటో తియ్యండి: చెట్టు మొదలు, దాని పక్కన మీరు, వెనక గుర్తుపట్టే ఇల్లో బావో కనబడాలి. తోటలో పడినవి లెక్క అయ్యేదాకా కదపకండి. ప్రతి మొదలుకీ సున్నంతో నంబరు వేసి, పుస్తకంలో కొబ్బరి ఎన్ని, జీడి ఎన్ని, పనస ఎన్ని అని విడివిడిగా రాసి, పక్క తోట రైతు చేత సంతకం పెట్టించండి, ఆయన పుస్తకంలో మీరు పెట్టండి. కౌలుకి చేస్తున్న తోటయితే యజమానితో ఆ రోజే మాట్లాడి పరిహారం ఎవరికి ఎంతో కాగితం మీద పెట్టుకోండి. లెక్క రాసే బృందం వచ్చినప్పుడు తోటలో మనిషి ఉండాలి. మీరు వెళ్ళలేకపోతే ఆ పుస్తకంతో పెద్ద పిల్లనైనా పంపండి. వాళ్ళు రాసుకున్న అంకె చదివి వినిపించమని అడిగి, అది మీ పుస్తకంలో ఉన్న అంకెతో కలిశాకే వేలిముద్ర వెయ్యండి.